గడ్డివామిలో పాము

మా మామ బుడే సాహెబుకూ ఎదురు కొట్టు అంకమ్మరావుకూ ఇరాక్ గురించి యుద్ధం మొదలై ఏడాది కావస్తోంది. అసలు యుద్ధం రెండు నెలలు తిరక్కుండానే ముగిసిందని పేపర్లో వేశారు గానీ, వీళ్ళది ముగిసే సూచనలేవీ కనపడలేదు. దర్శిలో పొదిలి రోడ్డుకు ఇవతల మా పరుపుల కొట్టు, అవతల ఆయన పురుగుమందుల కొట్టు. పొద్దున బేరాలు కాస్త పలచబడగానే ఆయన పేపరు చంకలో పెట్టుకుని రోడ్డు దాటి వచ్చి మా బల్ల మీద కూర్చునేవాడు. ఇద్దరూ ఒకే బళ్ళో చదివి, ఒకే ఏడు తప్పినవాళ్ళు. ‘ఒరేయ్’ లేకుండా ఒకరితో ఒకరు మాట్లాడటం ఇద్దరికీ చేతకాదు.

"ఒరేయ్ బుడే, సద్దాం దగ్గర ఆ బాంబులు లేకపోతే అంతమంది పెద్దోళ్ళు ఉన్నాయని ఎందుకంటార్రా?"

"ఆ పెద్దోళ్ళే ఏడాది నుంచి తవ్వుతుంటే ఒక్కటన్నా ఎందుకు దొరకలేదురా?"

"దాచుంటాడు."

"దాచడానికి అవేమన్నా మీ ఆవిడ పోపులపెట్టెలో యాలకులా? దొరక్కపోయేసరికి ఇప్పుడు మాట మార్చారు. వాడు దుర్మార్గుడు, అందుకే వెళ్ళామంటున్నారు. ఎట్లా ఉందో తెలుసా నీ వరస? పాముందని నా గడ్డివామికి నిప్పెట్టావు. వామి బూడిదైంది. పామేదిరా అంటే, ఎలుకలు చచ్చాయిగా సంతోషించు అంటున్నావు. ఎలుకల కోసమే వస్తే ఆ ముక్క ముందే ఏడవొచ్చుగా!"

"పాము లేదని ఎవరన్నారు? పక్క వామిలోకి పోయుంటుంది."

"అయితే దానికీ నిప్పెట్టు!"

లోపల ముక్కుకు గుడ్డ కట్టుకుని పరుపుల్లో దూది కూరుతూ ఇదంతా వినేదాన్ని. మొదట్లో నవ్వొచ్చేది. పోను పోను ఒళ్ళు మండేది. ఆ తగలబడిన వామి పక్క సందులోనే నా మొగుడున్నాడు. వీళ్ళకేమో టీ చల్లారకుండా గెలవడం కావాలి.

నా మొగుడు సిలార్ నాకు మేనత్త కొడుకు. అత్త లేదు, నా పెళ్ళికి ముందే పోయింది. బావ ఇక్కడ పత్తి లారీ తోలేవాడు. సాగర్ కాలవకు నీళ్ళు రాని ఏడు పత్తి లేక, లారీ యజమాని బండి అమ్మేశాడు. ఆ ఏడే బావ కువైట్ వెళ్ళాడు, డ్రైవర్‌గానే. మా పాప నగ్మాకు అప్పటికింకా కూర్చోవడం రాదు. ఇప్పుడది వీధంతా తిరుగుతోంది. మీ నాన్న ఎక్కడే అని ఎవరన్నా అడిగితే అంకమ్మరావు కొట్టు చూపిస్తుంది. దాని లెక్కలో తప్పేం లేదు. మాకు ఫోన్ లేదు, బావ గొంతు వచ్చేది ఆ పురుగుమందుల డబ్బాల మధ్య ఉన్న ఫోన్లోంచే. శుక్రవారం అక్కడ సెలవు. శుక్రవారం వచ్చిందంటే నేను మధ్యాహ్నం నుంచే తల దువ్వుకుని కూర్చునేదాన్ని. ఫోన్లో తల కనపడదని నాకూ తెలుసు.

పరుపుల పని చేసేవాళ్ళకు ఒక సంగతి తెలుస్తుంది. ఇద్దరు పడుకునే పరుపు మీద ఒక్కరే పడుకుంటే అది ఒక పక్కే అణుగుతుంది. రెండో పక్క కొత్త పెళ్ళికూతురిలా ఉబ్బి కూర్చుంటుంది. ఇక దాన్ని విప్పి, దూది ఏకి, మళ్ళీ కూరి కుట్టాల్సిందే. బావ వెళ్ళినప్పటి నుంచీ ఏటా మా పరుపు నేనే విప్పి కుడుతున్నాను. ఊళ్ళో పెళ్ళిళ్ళకు కుట్టిన పరుపుల మీద బావ ఒకసారి దొర్లి చూసి, దొంగ గురక పెట్టి, "పాసైంది" అంటేగానీ పంపేవాళ్ళం కాదు. మామ చేత్తో అదిమి చూసి పంపేస్తున్నాడిప్పుడు. నాకు ఆ దొంగ గురక వినాలనుంది. ఇంకేమీ అక్కర్లేదు, ఆ గురక చాలు.

మిరపకాయలు కళ్ళాల నుంచి గుంటూరు యార్డుకు కదిలే రోజుల్లో, ఒక శుక్రవారం బావ గొంతు వేరేగా వినపడింది.

"కరీమూ, అగ్రిమెంటు అయిపోయింది. అయినా కంపెనీ వాళ్ళు పంపించరంట. ఇంకో రెండేళ్ళు ఉండాలంటున్నారు. పాసుపోర్టు వాళ్ళ బీరువాలోనే ఉందిగా."

ఆ వేసవికి వస్తాడని పరుపు గలేబు కూడా కొత్తది కుట్టి పెట్టాను.

"ఇంకో దారుందంట" అన్నాడు. "ఇరాక్ లోపలికి లారీ తోలితే ఆర్నెల్లకే ఇంటికి పంపిస్తారంట. బాంబులు గట్రా కాదు. నీళ్ళ సీసాలు, సబ్బులు, బంగాళాదుంపలు. ముందూ వెనకా మిలిటరీ జీపులుంటాయి. ఆర్నెల్లు కళ్ళు మూసుకుంటే ఇంట్లో ఉంటా."

"లారీ కళ్ళు మూసుకుని తోలతావా?"

నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "నువ్వు చెప్పు. నువ్వు చెప్పందే నేను కదలను" అన్నాడు.

వచ్చే శుక్రవారం చెప్తానన్నాను.

ఆ వారం రోడ్డు మీద మిర్చి ట్రాక్టర్లు వరసగా పోతున్నాయి. ఘాటుకు దర్శి మొత్తం తుమ్ముతోంది. ఆ ఘాటులోనే మా బల్ల మీద యుద్ధం నడుస్తోంది. బావ సంగతి తెలిసినా వాళ్ళిద్దరూ దాన్ని తాకకుండా, పక్క నుంచి వాదించుకుంటున్నారు. ఆ ఆయుధాలు వెతకడానికి పెట్టిన పెద్దాయనే లేవని చెప్పాడంట, పేపర్లో వచ్చింది. మామ ఆ పేపరు పట్టుకుని గాలిపటం ఎగరేసినంత పని చేశాడు.

"నీ వాళ్ళని వెనకేసుకొస్తావులే" అన్నాడు అంకమ్మరావు, ఉక్రోషం ఆగక.

మామ పేపరు కింద పెట్టాడు. "నా వాళ్ళెవర్రా? నా వాళ్ళు పొదిలి దాటి పోలేదు. అక్కడున్న నావాడు ఒక్కడే, నా కొడుకు. ఇక్కడున్న నావాడు నువ్వు. నీ మొహం చూసి నేనే సిగ్గుపడాలి."

అంకమ్మరావు తల వంచుకున్నాడు. ఆయనకు సద్దాం మీద కోపం ఉత్తి పుణ్యానికి రాలేదు. తొంభైలో ఆయనా కువైట్లో ఉన్నాడు, ఒక పళ్ళ దుకాణంలో. ఇరాక్ సైన్యం వచ్చిపడితే కట్టుబట్టలతో ఎడారి దాటి జోర్డాన్ చేరి, అక్కణ్ణుంచి విమానంలో ఇంటికొచ్చాడు. వచ్చినప్పుడు ఆయన్ను వాళ్ళమ్మే గుర్తుపట్టలేదంటారు.

నేనిక లోపల కూర్చోలేకపోయాను. తల మీద దూది దులుపుకోకుండానే బయటికొచ్చాను.

"బాబాయ్, ఒక్కటి అడుగుతాను. వాదించకుండా చెప్పు. ఆ యుద్ధానికి వాళ్ళు చెప్పిన కారణం నిజమేనా?"

"నీకెందుకమ్మా అది? తప్పో ఒప్పో, అయిపోయింది. సబ్బులు మోసేవాడికి దాంతో పనేంటి?"

"పని నాకే ఉంది. కారణం నిజమైతే ఆ దేశంలో వాళ్ళు కూడా ఎప్పటికైనా సర్లే అనుకుంటారు. అబద్ధమైతే, మా ఇల్లు ఊరికే తగలబెట్టారనుకుంటారు. అప్పుడు తగలబెట్టినోడికి సబ్బులు మోసుకొచ్చేవాణ్ణి ఊరుకుంటారా? మా బావ మొహం మీద, నేను దర్శి నుంచి వచ్చాను, నాకేం తెలియదని రాసుంటుందా?"

మామ నోరు తెరిచాడు. అంకమ్మరావు చెయ్యెత్తి ఆపాడు. ట్రాక్టర్ల మీద మిరప బస్తాలు ఊగుతూ పోతున్నాయి.

"కారణం లేకుండా ఎవడూ రాడమ్మా" అన్నాడు. "సద్దాం కువైట్ మీదికి వచ్చినప్పుడూ చెప్పాడు. ఇది మా జిల్లానే, మాది మేం తీసుకున్నాం అన్నాడు. ఆ సైనికుల్లో మీసాలు రానోళ్ళు కూడా ఉన్నారు. దుకాణంలో ఆపిల్ పండ్లు తీసుకుంటూ అదే మాట మాకు అప్పజెప్పారు, నమ్మే చెప్పారు పాపం. అప్పటి నుంచి వాడు కూలిపోతే చాలనుకున్నా. అందుకే వీళ్ళు బాంబులున్నాయనగానే నమ్మేశా. చూపించమని నేనడగలా. అడిగితే లేవంటారేమోనని అడగలా."

"ఏడాది నుంచి నేను మొత్తుకుంది అదేగా!" అన్నాడు మామ.

"నువ్వు మూసుకోరా" అన్నాడు అంకమ్మరావు. నా వైపు తిరిగి, "వాణ్ణి పంపించొద్దమ్మాయ్. రెండేళ్ళు ఎట్టాగో గడుస్తాయి" అన్నాడు.

రెండేళ్ళు ఎట్టాగో గడుస్తాయని చెప్పడం ఎంత తేలిక! ఆయన ఇంటికి పోతే ఆయన భార్య హనుమాయమ్మ అన్నం పెడుతుంది. ఆ మాటన్నందుకు ఆయన మీద కోపమొచ్చింది. ఆయన చెప్పింది నిజమైనందుకు ఇంకా ఎక్కువ కోపమొచ్చింది. లోపలికి పోయి ఏకిన దూదిలోనే మొహం పెట్టుకుని ఏడ్చాను. ఆర్నెల్లు అన్న మాట ఎంత తియ్యగా ఉందో! వానాకాలం పోయేలోపు ఇంట్లో ఉంటాడు. నాన్నను చూపించడానికి నగ్మా వేలు రోడ్డు దాటక్కర్లేదు. వెళ్ళమని చెప్పడానికి ఆ వారమంతా నా దగ్గర సాకులకు కొదవ లేదు. ముందూ వెనకా జీపులుంటాయిగా. అందరూ వెళ్తున్నారుగా. సబ్బులేగా. ఒక్కో సాకునూ పైకి తీసి, చూసి, మళ్ళీ కింద పడేశాను. శుక్రవారానికి నా దగ్గర వద్దు అన్న మాట తప్ప ఏమీ మిగల్లేదు.

ఆ శుక్రవారం ఫోన్ మోగేటప్పటికి ఎలక్షన్ల జీపొకటి సరిగ్గా కొట్టు ముందు ఆగింది. మైకులో పాట. ఫోన్లో గరగర. అంకమ్మరావు వాళ్ళను తిట్టడానికి లేచి, నా మొహం చూసి, మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాడు.

"కరీమూ, చెప్పు. వెళ్ళనా?"

"వెళ్ళొద్దు నువ్వు" అని అరిచాను.

"ఆఁ?"

"వెళ్ళొద్దు! నువ్వు..." ఏడుపొచ్చేసింది. రెండేళ్ళు అంటే ఏంటో అప్పుడే తెలిసినట్టయింది.

"సరే, సరే" అన్నాడు బావ. ఆ గొంతులో బరువేదో దిగిపోయినట్టుంది. "నువ్వన్నాక ఇంకేముంది. ఏడవకు, విన్నావా? ఏడవకు." తర్వాత ఇంకేదో అన్నాడు, అది జీపు పాటలో కలిసిపోయింది. లైను తెగింది.

వద్దంటే అంత హాయిగా ఒప్పుకున్నాడేమిటా అనిపించింది. నేను వద్దంటానేమోనని కాదు, పొమ్మంటానేమోనని భయపడి ఉంటాడనుకున్నాను. ఎంత గర్వపడ్డానో! ఇంటికొచ్చి కొత్త గలేబు మడిచి పెట్టెలో అడుగున పెట్టేశాను.

తర్వాత శుక్రవారం ఫోన్ రాలేదు. ఆ తర్వాతదీ రాలేదు. కంపెనీ వాళ్ళు కోపంతో ఫోన్ చేయనివ్వడం లేదేమో అన్నాడు మామ. ఆ రోజుల్లో అంకమ్మరావు పేపరు తేవడం మానేశాడు. తెచ్చినా మడిచే ఉంచేవాడు. అందులో ఇరాక్ గురించి ఏముందో నేను అడగలేదు. వాదన లేక మా బల్ల బోసిపోయింది. ఆ ఇద్దరి అరుపుల కోసం నేను ఎదురుచూస్తానని కలలో కూడా అనుకోలేదు.

ఎలక్షన్లు అయిపోయాక, ఎండలు మండిపోతున్న ఒక మధ్యాహ్నం, శుక్రవారం కూడా కాదు, అంకమ్మరావు రోడ్డుకు అవతల నిలబడి "అమ్మాయ్! సిలారు!" అని కేకేశాడు. చెప్పులు లేకుండా తారు రోడ్డు మీద పరిగెత్తాను.

లైను ఎంత బాగుందంటే పక్క గదిలో ఉన్నట్టుంది.

"వెళ్ళొచ్చానే కరీమూ!" అన్నాడు. "నువ్వు చెప్పినట్టే బాగ్దాద్ దాకా వెళ్ళి క్షేమంగా వచ్చేశా. రోజులు బాగా పట్టాయి, అక్కడ ఫోన్లు లేవు."

"నేను చెప్పినట్టేంటి?"

"నువ్వేగా, ‘వెళ్ళొద్దువు’ అన్నావు."

ఒక్క నిమిషం నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక తారు రోడ్డు మీద కాళ్ళు కాలాయని అప్పుడే తెలిసింది. వెళ్ళొద్దు నువ్వు అన్నాను. జీపు పాట అందులో ఒక్క ‘ను’ మింగేసింది. మిగిలింది ‘వెళ్ళొద్దువు’. ఊరికి పోయేవాణ్ణి, వెళ్ళి వద్దువులే అని పంపినట్టు పంపాను నా మొగుణ్ణి.

"వెళ్ళొద్దు అన్నాను బావా! వద్దన్నాను! వెళ్ళొద్దు, నువ్వు! అని."

రిసీవరు రెండో చెవికి మార్చుకున్నాను.

"మళ్ళీ అడగాల్సింది కదా" అన్నాను. "సరిగా వినపడకపోతే మనిషన్నవాడు మళ్ళీ అడగడా?"

"అడగాలనుకున్నా" అన్నాడు. "అడిగితే వద్దంటావేమోనని అడగలా. వెళ్ళొద్దువు అని వినపడగానే నాకు ఇల్లు కనపడింది కరీమూ. మన పరుపు, నువ్వు, పిల్ల, అన్నీ కనపడ్డాయి."

నాకు పట్టరాని కోపమొచ్చింది. అతని మీద, ఆ జీపు మీద, తమకు కావలసిందే చెవిన వేసుకుని లక్షల మందిని రోడ్ల మీదికి తోలిన పెద్దోళ్ళందరి మీద. వాళ్ళూ ఇంతే కదా, మళ్ళీ అడగలేదు. వాళ్ళకు ఇల్లు కనపడలేదు, ఏం కనపడిందో వాళ్ళకే తెలియాలి. నా మొగుడికి కనీసం నేను కనపడ్డాను. ఆ కోపంలోనే ప్రేమ ముంచుకొచ్చి రిసీవర్ని రెండు చేతులా పట్టుకున్నాను.

"ఇక వెళ్ళకు. ఇప్పుడు చెప్తున్నా, స్పష్టంగా. వెళ్ళకు."

"సంతకం పెట్టేశానే. ఎల్లుండి మళ్ళీ బండి ఉంది. ఇప్పుడు మానేస్తే జైల్లో వేస్తారు." గొంతు తగ్గించాడు. "ఒక సంగతి చెప్తా, నాన్నతో అనకు. వచ్చేటప్పుడు నా ముందు బండికి బాంబు తగిలింది. మంటలు. ఆపకూడదు, పక్కనుంచి తోలుకుపోవాలి. అప్పుడు నీ మాటే పట్టుకున్నా. కరీమున్ వెళ్ళి వద్దువు అంది, వద్దువు అంది, వస్తానన్నమాటేగా అది, అనుకుంటూ తోలా. వరసగా అదే అనుకుంటూ తోలా."

నేను గోడకు చేరగిలబడ్డాను.

"ఇప్పుడు నువ్వా మాట అనలేదంటే, ఎల్లుండి ఏం పట్టుకుని తోలను?" అన్నాడు. "మన ఇంట్లో ఎవరూ వెళ్ళిరా అనిపించుకోకుండా గడప దాటలేదు ఎప్పుడూ. నువ్వు కోపంలో అంటున్నావు కదూ? ఆ రోజు వెళ్ళొద్దువు అనే అన్నావు కదూ?"

ఆ రోజు నేనేమన్నానో నాకు తెలుసు. ఆ మాట కోసం వారమంతా నాతో నేను పోట్లాడాను. నా బతుకులో నేను బాగా ఆలోచించి అన్న మాట అదొక్కటే.

"అదే అన్నాను బావా" అన్నాను. ఈసారి ఏ అక్షరమూ పోకుండా, మెల్లగా. "వెళ్ళొద్దువు అనే అన్నాను. ఇందాక కోపంలో నోటికొచ్చింది అన్నాను."

అవతల అతను ఊపిరి వదలడం వినపడింది. అయినా తనివి తీరలేదనుకుంటాను.

"బాబాయ్ ఉన్నాడా పక్కన? ఆ రోజు కూడా ఉన్నాడుగా. ఒకసారి ఇవ్వు."

రిసీవర్ అంకమ్మరావుకు ఇచ్చాను. ఆయన దాన్ని చెవికి ఆనించుకుని విన్నాడు.

"అవున్రా సిలారూ" అన్నాడు గొంతు సవరించుకుని. "నేనిక్కడే ఉన్నాగా, నా చెవులతో విన్నా. వెళ్ళొద్దువనే అందిరా అమ్మాయి."

రిసీవర్ నాకు తిరిగి ఇచ్చేటప్పుడు ఆయన నా మొహం చూడలేకపోయాడు.